జపాన్ ఆర్పీజీలకు ఇంగ్లిష్ ప్యాచ్ వేశాక ఆట మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

సూపర్ ఫామికామ్ (నింటెండో గేమ్ కన్సోల్) కోసం 1995లో వచ్చిన సెయికెన్ డెన్సెట్సు 3 అనే ఆర్పీజీకి (పాత్రధారణ ఆటకు) అభిమానుల ఇంగ్లిష్ ప్యాచ్ 2000లోనే వచ్చింది. అధికారిక ఇంగ్లిష్ మాత్రం 2019 దాకా రాలేదు. 2006లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌పై వచ్చిన మదర్ 3 ఇంగ్లిష్‌లో ఆడాలంటే దారి ఇప్పటికీ 2008 అక్టోబరు నాటి ఫ్యాన్ ప్యాచే. ఇలాంటి ప్యాచ్‌లో ఆట ఉండదు. ఫలానా చోట ఫలానా బైట్లు మార్చు అన్న జాబితా మాత్రమే ఉంటుంది. అందుకే మీ క్యాసెట్ నుంచి తీసుకున్న రోమ్ ఫైలు (ఆట కాపీ), అనువాదకుల దగ్గరున్న ఫైలు అచ్చంగా ఒకటే కావాలి. గొడవల్లో చాలావరకు పుట్టేది ఇక్కడే. అయినా జనం ముందు ఎమ్యులేటర్‌ని (కంప్యూటర్‌లో కన్సోల్‌లా పనిచేసే ప్రోగ్రామ్‌ని) తిడతారు.

కాబట్టి మొదట రెండే పనులు. ఫైల్ సైజు బైట్లలో చూడండి. తర్వాత సెవెన్-జిప్‌లో రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ-32 (ఫైలుకు వేలిముద్ర లాంటి నంబరు) తీసి, ప్యాచ్‌తో వచ్చిన రీడ్‌మీ (సూచనల ఫైలు)లోని నంబరుతో పోల్చండి. తేడా ఉంటే మిగతా ప్రయోగాలన్నీ వృథా.

సమస్య: ప్యాచ్ "సక్సెస్" అంది, కానీ నల్ల తెర వస్తోంది, లేదా అక్షరాలన్నీ చెత్తగా ఉన్నాయి

ప్యాచ్ ఫైలు ఐపీఎస్ రకం అయితే ఆ "సక్సెస్" మాటకు విలువ లేదు. ఐపీఎస్‌లో చెక్‌సమ్ (సరైన ఫైలో కాదో తేల్చే నంబరు) ఉండదు. దానికి మీరు పెళ్లి ఫొటో ఇచ్చినా ప్యాచ్ వేసి సక్సెస్ అనే చెబుతుంది.

అసలు కారణం ఎక్కువగా 512 బైట్ల హెడర్. పాత కాపీయర్ పరికరాలతో తీసిన సూపర్ ఫామికామ్ డంప్‌ల (క్యాసెట్ కాపీల) ముందు ఈ ముక్క అదనంగా అతుక్కుని ఉంటుంది. ఆటకు దానితో పని లేదు. కానీ ప్యాచ్ లెక్క మొత్తం తప్పుతుంది. హెడర్ లేని ఫైలు కోసం చేసిన ప్యాచ్ "65,536వ స్థానంలో ఈ అక్షరాలు రాయి" అంటుంది. హెడర్ ఉన్న ఫైల్లో ఆ స్థానం నిజానికి ఆట డేటాలో 65,024వది. అంటే ప్రతి మార్పూ పడాల్సిన చోటుకు 512 బైట్లు ముందే పడుతుంది. డైలాగ్ పడాల్సిన చోట కోడ్ ఉంటే నల్ల తెరే.

కనిపెట్టడం తేలిక. సైజును 1024తో భాగించండి. శేషం సున్నా అయితే హెడర్ లేదు, 512 వస్తే ఉంది. సెయికెన్ డెన్సెట్సు 3 హెడర్ లేకుండా 41,94,304 బైట్లు, హెడర్‌తో 41,94,816. బహముత్ లగూన్ అనే ఆట అయితే హెడర్ లేకుండా 31,45,728.

తీసేయడానికి టష్ అనే చిన్న టూల్ చాలు. లినక్స్, మ్యాక్‌లలో డీడీ కమాండ్‌కు బ్లాక్ సైజు 512, స్కిప్ 1 ఇచ్చినా సరిపోతుంది. బ్రౌజర్‌లో నడిచే రోమ్ ప్యాచర్ జేఎస్‌లో ప్యాచ్‌కు ముందు హెడర్ తీసేసే టిక్కు కూడా ఉంది. అయితే కొన్ని పాత ప్యాచ్‌లు హెడర్ ఉన్న ఫైలునే అడుగుతాయి. రీడ్‌మీలో "హెడర్డ్" అని ఉంటే తీయకండి, మీ ఫైలుకు హెడర్ లేకపోతే టష్‌తోనే జోడించండి. ఇంకో మాట, ఫామికామ్ (సూపర్ ఫామికామ్‌కు ముందటి కన్సోల్) ఫైళ్ల ముందుండే 16 బైట్ల హెడర్ సంగతి వేరు. అది ఎమ్యులేటర్‌కు కావాలి. దాని జోలికి వెళ్లొద్దు.

హెడర్ సరిగ్గానే ఉందంటే, పాత వెర్షన్ ప్యాచ్ వేసిన ఫైలు మీద కొత్తది వేశారేమో చూడండి. పాత వాక్యాల తోకలు మిగిలిపోయి మధ్యలో ఆట ఇరుక్కుంటుంది. ప్రతిసారీ ముట్టుకోని అసలు ఫైలుతోనే మొదలుపెట్టాలి.

సమస్య: టూల్ ప్యాచ్ వేయనే వేయనంటోంది

బీపీఎస్, యూపీఎస్, ఎక్స్‌డెల్టా రకాలు చెక్‌సమ్ చూసి తప్పు ఫైలును తిప్పి పంపుతాయి. ఇది మంచికే. చెక్‌సమ్ తనిఖీ ఆపేసే ఆప్షన్ కనబడితే దాన్ని నొక్కకండి. హెడర్, ఆట రివిజన్ (ఆటలో ఏ విడుదల అన్నది), ఇదివరకే ప్యాచ్ వేసిన ఫైలు, ఈ మూడూ వరసగా చూసుకోండి.

మదర్ 3 ప్యాచ్ యూపీఎస్‌లో ఎందుకుందంటే, ఆట సైజు 3,35,54,432 బైట్లు. ఐపీఎస్‌ 1,67,77,216 బైట్లు దాటి చిరునామా రాయలేదు. యూపీఎస్‌కు ఒక విచిత్రం ఉంది: అది రెండు వైపులా పనిచేస్తుంది. ప్యాచ్ వేసిన ఫైలుకే మళ్లీ వేస్తే ఆట తిరిగి జపనీస్‌లోకి వెళ్లిపోతుంది. "నిన్న ఇంగ్లిష్‌లో ఉంది, ఇవాళ లేదు" అనేవాళ్లు ముందు ఫోల్డర్ చూసుకోవాలి. రోమ్ పేరుతోనే ప్యాచ్ ఫైలు పక్కన ఉంటే కొన్ని ఎమ్యులేటర్లు దాన్ని వాటంతట అవే వేస్తాయి. ప్యాచ్ వేసిన రోమ్ పక్క నుంచి ప్యాచ్ ఫైలును వేరే ఫోల్డర్‌కు మార్చేయండి.

సమస్య: ఆట బాగానే నడుస్తోంది, డైలాగుల్లో మాత్రం అక్షరాలు ఎగిరిపోతున్నాయి

ఇది మీ తప్పు కాదు. సూపర్ ఫామికామ్ తెరపై బొమ్మ గీస్తున్నంతసేపు వీడియో మెమరీలోకి రాతలు ఒప్పుకోదు. 262 గీతల్లో 224 బొమ్మకు పోగా మిగిలిన కాస్త వ్యవధిలోనే రాయాలి. జపనీస్‌లో ఐదారు కనాలతో (అక్షరాలతో) అయ్యే మాటకు ఇంగ్లిష్‌లో రెట్టింపు అక్షరాలు కావాలి. పైగా అక్షరానికో వెడల్పు. ఆ పని ఆ వ్యవధిలో పూర్తి కాకపోతే మిగిలిన అక్షరాలు గల్లంతు. జెడ్‌స్నెస్ అనే పాత ఎమ్యులేటర్ ఈ నియమాన్ని పట్టించుకునేది కాదు. అందులోనే పరీక్షించి వదిలిన పాత ప్యాచ్‌లు కచ్చితమైన ఎమ్యులేటర్‌లో, అసలు కన్సోల్‌లో ఇలా బయటపడతాయి.

ముందు ఆ ప్యాచ్‌కు కొత్త వెర్షన్, సవరణ ప్యాచ్ ఉన్నాయేమో వెతకండి. లేకపోతే బీస్నెస్ ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో "నో వీర్యామ్ బ్లాకింగ్" (వీర్యామ్ అంటే వీడియో మెమరీ) ఆన్ చేయండి. రెట్రోఆర్క్‌లో (పలు ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే ప్రోగ్రామ్) స్నెస్9ఎక్స్ వాడుతుంటే కోర్ ఆప్షన్స్‌లో చెల్లని వీర్యామ్ రాతలను ఆపే ఆప్షన్ ఆఫ్ చేయండి. ఆ ఆటకు మాత్రమే చేయండి, అన్నిటికీ కాదు. అసలు కన్సోల్‌పై ఆడేవారికి సవరించిన ప్యాచే గతి.

సమస్య: సేవ్ లోడ్ చేస్తే ఆట ఆగిపోతోంది, లేదా హీరో పేరు గుర్తుల కుప్పలా ఉంది

సేవ్ స్టేట్ వాడారు. అది ఆ క్షణాన మెమరీనంతా ఉన్నదున్నట్టు ఫొటో తీసినట్టే. అందులోని ప్రాసెసర్ పాత రోమ్‌లోని చిరునామాకు పోవాలనుకుంటుంది. కొత్త రోమ్‌లో అక్కడ ఇంకేదో ఉంటుంది. ప్యాచ్ వేయకముందు తీసిన స్టేట్లు, పాత వెర్షన్ స్టేట్లు పక్కన పెట్టేయండి. పాత రోమ్‌లో స్టేట్ తెరిచి, ఆటలోని సత్రంలోనో సేవ్ పాయింట్ దగ్గరో మామూలుగా సేవ్ చేసి, ఆ సేవ్ ఫైలును కొత్త రోమ్ పేరుకు మార్చి తెరవండి. చాలా ఆటల్లో ఇది పనిచేస్తుంది.

పేరు చెడిపోవడానికి కారణం వేరు. సేవ్‌లో ఉండేది అక్షరం కాదు, అక్షరం నంబరు. ప్యాచ్ ఫాంట్ మార్చింది కాబట్టి అదే నంబరుకు ఇప్పుడు వేరే బొమ్మ వస్తుంది. ఆటకు నష్టం లేదు. కళ్లకు భరించలేకపోతే కొత్తగా మొదలుపెట్టడమే.

గేమ్ బాయ్ అడ్వాన్స్ ఆట అసలు సేవే కాకపోతే ఎమ్‌జీబీఏ ఎమ్యులేటర్‌లో గేమ్ ఓవర్‌రైడ్స్‌కు వెళ్లి, సేవ్ రకం రీడ్‌మీలో చెప్పినట్టు పెట్టండి. రోమ్ పేరు మారిస్తే సేవ్ ఫైలు పేరు కూడా మార్చాలన్నది మరవకండి.

సమస్య: ప్లేస్టేషన్ డిస్క్‌కు ఎక్స్‌డెల్టా "చెక్‌సమ్ మిస్‌మ్యాచ్" అంటోంది

డిస్క్ ఇమేజ్ (డిస్క్ కాపీ ఫైలు) రకం కుదరలేదు. ప్లేస్టేషన్ బిన్ ఫైల్లో ఒక సెక్టర్ (డిస్క్‌లోని చిన్న ముక్క) 2352 బైట్లు, ఐఎస్ఓలో 2048. ఫైల్ సైజు దేనితో నిశ్శేషంగా పోతుందో చూస్తే మీ దగ్గరున్నది ఏదో తెలుస్తుంది. సీహెచ్‌డీగా కుదించి ఉంటే ముందు సీహెచ్‌డీమ్యాన్‌లో ఎక్స్‌ట్రాక్ట్‌సీడీతో విప్పండి. పీఎస్పీ ఆట సీఎస్ఓలో ఉంటే ఐఎస్ఓగా మార్చండి. ట్రాకులు విడివిడి బిన్‌లుగా ఉంటే ప్యాచ్ మొదటి ట్రాకుకా, కలిపిన బిన్‌కా అన్నది రీడ్‌మీ చెబుతుంది. కలపాలంటే బిన్‌మెర్జ్ ఉంది.

ప్యాచ్ పడ్డాక కూడా ఆట లేవకపోతే క్యూ ఫైలును (బిన్ పేరు, ట్రాకుల వివరాలుండే చిన్న ఫైలు) నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి వరసలో కొటేషన్ల మధ్య ఉన్న పేరు కొత్త బిన్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

సమస్య: టూల్‌కు ఫైలే కనిపించడం లేదు

విండోస్ యూజర్ పేరో ఫోల్డర్ పేరో తెలుగులోనో జపనీస్‌లోనో ఉంటే యూనికోడ్ రాని పాత టూల్స్ ఆ దారిని చదవలేవు. సీ డ్రైవ్‌లో నేరుగా ఇంగ్లిష్ పేరుతో ఒక ఫోల్డర్ చేసి, రోమ్, ప్యాచ్, టూల్ మూడూ అందులో పెట్టి చేయండి.

సమస్య: స్టార్ ఓషన్ ఎమ్యులేటర్‌లో ఆడుతోంది, ఫ్లాష్ కార్ట్‌లో (రోమ్ ఫైళ్లను అసలు కన్సోల్‌పై నడిపే క్యాసెట్) బొమ్మలు ముద్దగా ఉన్నాయి

1996 నాటి ఈ ఆట క్యాసెట్‌లో ఎస్-డీడీ1 అనే చిప్ ఉంటుంది. బొమ్మలను విప్పేది అదే. చవక ఫ్లాష్ కార్టుల్లో అది లేదు. ఎఫ్ఎక్స్‌పాక్ ప్రో లాంటి కార్టు ఉంటే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. లేదంటే బొమ్మలన్నీ ముందే విప్పి పెట్టిన 96 మెగాబిట్ మార్పు ఉంది. సైజు 48 మెగాబిట్ల నుంచి రెట్టింపు, అంటే 12 ఎంబీ అవుతుంది. మీ కార్టు అంత తీసుకుంటుందో లేదో ముందు చూసుకోండి.