ఆరు నిమిషాల కార్టూన్‌కి కథ అల్లడం

1940, 50ల నాటి వార్నర్ బ్రదర్స్ పద్ధతిలో కార్టూన్ కథ రాయాలంటే పెన్ను కన్నా పెన్సిలే ముఖ్యం. ఒక్కో గ్యాగ్‌ను, అంటే నవ్వు పుట్టించే చిన్న సంఘటనను, ఒక్కో కాగితంపై గీసి, గుండుసూదితో బోర్డుకు గుచ్చండి. కుదరకపోతే పీకి చోటు మార్చడం తేలిక. ఆరు నిమిషాలంటే 35 ఎం.ఎం. ఫిల్ము 540 అడుగులు, అంతే. కథ చర్చించే తొలి సిట్టింగ్‌లో ఎవరూ "వద్దు" అనకూడదు. వార్నర్ కార్టూన్ల దర్శకుడు చక్ జోన్స్ బృందంలో ఇదే కట్టుబాటు ఉండేది. నచ్చనివాళ్లు ఊరుకోవాలి.

అసలు చిక్కు టైమింగ్‌తోనే. రోడ్ రన్నర్ పక్షిని వెంటాడే జోన్స్ తోడేలు పాత్ర కయోటీ లోయలో పడి కనుమరుగవడానికి 18 ఫ్రేములు (సెకనుకు 24 ఫ్రేములు), ఇంకో 14కి నేలను తాకి దుమ్ము లేవాలి. ఇది జోన్స్ లెక్క. కాస్త తేడా వచ్చినా నవ్వు రాదు.

డైలాగు చివర్లో రాయండి. బొమ్మ చెప్పిందే మాట మళ్లీ చెబితే గ్యాగ్ చచ్చినట్టే.