కెర్నెల్ కోడ్ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: పేరు చూసి పని చెప్పడం

పోయిన పాఠంలో లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం)లోని బగ్స్.సి ఫైలు తెరిచి పెట్టుకున్నాం. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలు బయటపడ్డాక ఈ ఫైలు బాగా పెరిగింది. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ కంపెనీల) ప్రాసెసర్‌లో ఏ లోపానికి ఏ రక్షణ వాడాలో తేల్చేది ఇక్కడే. ఈ రోజు లోపలి కోడ్ జోలికి పోకుండా ఫంక్షన్ల పేర్లు మాత్రమే చదువుదాం.

ఎండీఎస్_సెలెక్ట్_మిటిగేషన్ అన్న పేరు చూడండి. ముందు లోపం పేరు (ఎండీఎస్), తర్వాత చేసే పని (సెలెక్ట్ మిటిగేషన్, అంటే రక్షణను ఎంచుకోవడం). కిందికి వెళ్తే రెట్‌బ్లీడ్, ఎల్1టీఎఫ్, ఎస్ఆర్ఎస్ఓ లాంటి మిగతా లోపాల పేర్లన్నీ ఇదే వరసలో కనిపిస్తాయి. 2025లో వచ్చిన 6.16 వెర్షన్‌లో ఈ పనిని విడగొట్టి, అవసరమైనచోట అప్‌డేట్, అప్లై అనే ఫంక్షన్లు కూడా పెట్టారు. సెలెక్ట్ తన లోపం వరకు చూసుకుని ఒక నిర్ణయం తీసుకుంటుంది. మిగతా లోపాలకు ఏం ఎంచుకున్నారో చూసి దాన్ని సరిదిద్దేది అప్‌డేట్. ప్రాసెసర్ మీద నిజంగా అమలు చేసేది అప్లై. పేరులో ఆ ఒక్క మాట చూస్తే చాలు, మనం ఏ దశలో ఉన్నామో తెలిసిపోతుంది.

ఇక అసలు కథ. 2019 మేలో ఎండీఎస్ లోపం బయటపడింది. ప్రాసెసర్ బఫర్లలో (డేటాను తాత్కాలికంగా ఉంచే చోట్లలో) మిగిలిపోయిన డేటా లీక్ కాకుండా వాటిని తుడిచే ఫంక్షన్‌కు ఎండీఎస్_క్లియర్_సీపీయూ_బఫర్స్ అని పేరు పెట్టారు. అప్పటికి ఆ పేరు సరైనదే. కానీ అదే ఏడాది నవంబరులో టీఏఏ, 2022లో ఎంఎంఐఓ లోపాలు వచ్చాయి. వాటికీ ఇదే తుడుపు మందు. 2025లో ఏఎండీ ప్రాసెసర్లలో టీఎస్ఏ లోపం బయటపడింది. ఏఎండీకి ఎండీఎస్ లోపమే లేదు! అయినా అక్కడ కూడా ఎండీఎస్ పేరుతో ఉన్న ఫంక్షన్నే పిలవాల్సిన పరిస్థితి. చదివేవాళ్లు పొరబడటం ఖాయం. అందుకే దాన్ని ఎక్స్86_క్లియర్_సీపీయూ_బఫర్స్‌గా మార్చారు. కోడ్ చేసే పనిలో ఏ తేడా లేదు, మారింది పేరొక్కటే. నా దృష్టిలో ఇలాంటి ప్యాచ్ (కోడ్‌లో చేసే మార్పు) కొత్త ఫీచర్‌కు ఏమాత్రం తక్కువ కాదు.

మీరు రాసేటప్పుడు కూడా ఇదే పట్టించుకోండి. ఒక్క లోపానికే చెందిన ఫంక్షన్ అయితే ఆ లోపం పేరు ముందు పెట్టండి. పదిమందీ వాడుకునే పనిముట్టు అయితే అది చేసే పని పేరు పెట్టండి.

అభ్యాసం: ఫైల్లో _సెలెక్ట్_మిటిగేషన్ అని వెతికి, దొరికిన పేర్లన్నీ కాగితం మీద రాయండి. సీపీయూ_సెలెక్ట్_మిటిగేషన్స్ అన్నదాంట్లో లోపం పేరు లేదు, చివర బహువచనం ఉంది. ఎందుకో ఊహించి రాశాక, అప్పుడు కోడ్ తెరిచి సరిచూసుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.