పల్లెను చదవడం - 4వ పాఠం: నీళ్లెవరు వదులుతారు?

పోయిన పాఠంలో వారం రోజులు ఎవర్నీ ఏమీ అడగకుండా, చూసిందల్లా నోట్‌బుక్‌లో రాయమన్నాను. ఇప్పుడది తెరవండి. 'ఆచారం', 'పూజ', 'నమ్మకం' అని రాసి వదిలేసిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీయండి. ఈ పాఠం ఆ గీతల గురించే.

ఇండోనేషియాలోని బాలి దీవిలో ఒకే కాలవ కింద వరి పండించే రైతులంతా ఒక సంఘం. పేరు సుబక్. ఎవరు ఎప్పుడు నాటాలో, ఎప్పుడు మడులు ఖాళీగా ఉంచాలో నీటి గుళ్లలో కూర్చుని తేల్చుకునేవారు. 1970లలో హరిత విప్లవం వచ్చాక కొత్త వంగడాలు ఇచ్చి, గుడి వంతులతో పని లేకుండా వీలైనన్నిసార్లు నాటమన్నారు. కొన్నాళ్లకు నీళ్ల వంతులు చెదిరిపోయాయి. వరి రసం పీల్చే సుడిదోమ అనే పురుగు విరుచుకుపడింది, మందులకూ లొంగలేదు. ప్రణాళికలు వేసినవాళ్ల కంటికి ఆ గుళ్లు పూజలు జరిగే చోట్లు, అంతే.

మానవశాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్‌కు ఒక సందేహం వచ్చింది. నీళ్లు పై మడుల వాళ్ల చేతిలో ఉన్నప్పుడు, కిందివాళ్లకు ఎందుకు వదులుతున్నారు? జవాబు పురుగు దగ్గర దొరికింది. కిందివాళ్లు వేరే అదనులో నాటితే, పైన కోత కాగానే దోమ కిందికి దిగుతుంది, అక్కడ కోత కాగానే మళ్లీ పైకొస్తుంది. అందరూ ఒకేసారి కోసి మడులు ఖాళీ చేస్తే దానికి తిండి ఉండదు. వరి ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. అయితే మొత్తం ఏటి కింద ఒకేరోజు నాటితే నీళ్లు చాలవు. ఎంతమంది కలిసి నాటాలి, ఎక్కడ విడిపోవాలి అనే ఆ కష్టమైన లెక్కను తేల్చేది గుడి. రెండు నదుల కింది 172 సుబక్‌లను లాన్సింగ్, జీవావరణ శాస్త్రవేత్త జేమ్స్ క్రెమర్ కలిసి కంప్యూటర్‌లో నమూనాగా కట్టి చూస్తే, గుళ్ల పద్ధతిలోనే దిగుబడి బాగా వచ్చింది. 2012లో యునెస్కో ఈ సుబక్ వ్యవస్థను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మరి ఇలాంటిది మనకు కనబడాలంటే ఎలా అడగాలి? "ఇదెందుకు చేస్తారు?" అంటే "పెద్దలు చెప్పారు" అంటారు. నేను మొదట్లో అదే అడిగి, అదే రాసుకుని, పని అయిపోయిందనుకునేదాన్ని. మీరు ఇలా అడగండి: "పోయినేడు ఏ రోజు చేశారు? ఆ రోజు ఎవరు ఖాయం చేశారు? ఈ ఏడు ఆపేస్తే ముందు ఎవరి పొలం దెబ్బతింటుంది?" మూడో ప్రశ్నకు మనిషి ఆగి ఆలోచిస్తాడు. ఆ మౌనంలో తొందరపడి మాట అందించకండి.

అభ్యాసం: మీరు గీత గీసిన వాటిలో ఒక్కదాన్నే తీసుకోండి. తెలంగాణలో చెరువు కింది ఊరైతే పొలాలకు నీళ్లు వదిలే నీరటికాడి దగ్గరికి వెళ్లండి. తూము ఎత్తే రోజు తెల్లారుజామున ఆయన వెంట నడవండి. ఏ మడి దగ్గర ఆగాడో, ఎవరితో మాట్లాడాడో, గంటతో సహా రాయండి. వచ్చే పాఠంలో ఆ కాగితం మీదే నీటి పటం గీద్దాం.