రోలర్ పావురాలు: ఈ సీజన్‌కు ఎన్ని జతలు కట్టాలి? (సమస్య - పరిష్కారం)

పోయిన మార్చిలో మా డాబా మీద 57 రోలర్ పిల్లలు ఉన్నాయి. వాటిలో ఏది ఎప్పుడు మొదటి పల్టీ కొట్టిందని అడిగితే ఐదారింటికి మించి చెప్పలేకపోయేవాడిని. 12 జతలు కట్టాను మరి. ఎందుకూ అంటే గూళ్ళు 12 ఉన్నాయి కాబట్టి! అంతకు మించి ఆలోచించలేదు.

ఇక్కడ రాసేదంతా బర్మింగ్‌హామ్ రోలర్ల గురించి. గుంపుగా ఎగురుతూ, ఒక్కసారిగా వెనక్కి పల్టీలు కొడుతూ బంతిలా కిందికి జారి, మళ్ళీ గుంపులో కలిసే రకం. నేల మీద దొర్లే మన లోటన్ పావురాల లెక్క వేరు.

సమస్య: గూళ్ళ నిండా పిల్లలే, ఆకాశంలో మాత్రం పని కనిపించదు

పొద్దున్నే తలుపు తీస్తే యాభై పైకి లేస్తాయి, నాలుగు ముక్కలుగా విడిపోతాయి, కొన్ని పోయి పక్కింటి వాటర్ ట్యాంకు మీద వాలతాయి. ఎక్కడో ఒకటి బాగా తిరుగుతుంది (పల్టీలు కొట్టడాన్నే తిరగడం అంటాం). అది ఏదో గుర్తుపట్టేలోపే గుంపులో కలిసిపోతుంది.

కారణం జతలు ఎక్కువ కావడమే. రోలర్ పిల్ల పల్టీ మొదలుపెట్టేది సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య. కొన్ని వంశాలు ఇంకా ఆలస్యం చేస్తాయి. ఆ పల్టీ కుదురుకోవడానికి ఏడాది దాకా పడుతుంది. అన్నాళ్ళూ దాన్ని క్రమం తప్పకుండా ఎగరేయాలి, చూడాలి, రాసుకోవాలి. మనం గమనించలేని పిల్లను పుట్టించడం మేత దండగ. ఒక్కో పావురం రోజుకు సుమారు 30 గ్రాములు తింటుంది. 57 పిల్లలంటే నెలకు 50 కిలోల పైమాటే. ఇరుకులో కాక్సిడియోసిస్ (పేగుల జబ్బు), గొంతులో కాంకర్ (పుండ్ల జబ్బు) వచ్చాయంటే మందుల ఖర్చు దానికి అదనం.

అందుకే లెక్క గూళ్ళ దగ్గర కాకుండా మీ పొద్దుటి టైము దగ్గర మొదలుపెట్టండి. ఒక కిట్‌ను (రోలర్ల గుంపును అందరూ కిట్ అనే అంటారు) వదిలి, చూసి, దించి, మేత వేసేసరికి ముప్పావు గంట. ఆఫీసుకు వెళ్ళే మనిషికి గంటన్నర దొరికితే గొప్ప. అంటే రెండు కిట్లు: ఒకటి పెద్దవాటిది, ఒకటి ఆ ఏటి పిల్లలది. కిట్‌కు ఎన్ని అంటే, రోలర్ల వరల్డ్ కప్ ఫ్లై పోటీ నియమాలే మంచి కొలత. 15 నుంచి 20 పిట్టలు, 20 నిమిషాలు, కనీసం 5 ఒకేసారి తిరిగితేనే పాయింట్లు. మనం పోటీకి వెళ్ళినా వెళ్ళకపోయినా, ఒక కన్ను గుర్తుపెట్టుకోగలిగేది కూడా దాదాపు ఆ ఇరవయ్యే.

20 ఎగరాలంటే 24 పిల్లలు చేతికి రావాలి. నాలుగు డేగకో, జబ్బుకో పోతాయనుకుందాం. జత ఒక విడతకు 2 గుడ్లు పెడుతుంది, రెండు విడతలకు 4. నేను వాటిని 3 పిల్లలుగానే లెక్క వేస్తాను. 24ను 3తో భాగిస్తే 8 జతలు. పొద్దున ముప్పావు గంటే దొరికేవాళ్ళు, డాబా చిన్నదైనవాళ్ళు 12 పిల్లలు, 4 జతలతో ఆగిపోవడం మంచిది. దానికి సిగ్గుపడక్కర్లేదు.

సమస్య: లెక్క ప్రకారమే కట్టాను, అయినా కిట్ నిండలేదు

ముందు గుడ్లు చూడండి. పొదగడం మొదలైన ఆరో రోజు రాత్రి గుడ్డు వెనక టార్చి పెడితే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాలి. ఏమీ లేకపోతే ఆ గుడ్డు కట్టలేదు. ఒక జతలో రెండు విడతలూ ఇలాగే అయితే పోతు ముసలిదైనా అయ్యుండొచ్చు, పెట్ట బాగా కొవ్వెక్కి అయినా ఉండొచ్చు. చాలా జతల్లో గుడ్లు కట్టకపోయినా, పిల్ల గుడ్డులోనే చచ్చిపోతున్నా అది జతల సంఖ్య సమస్య కాదు. సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు ఉండొచ్చు. రెట్ట తీసుకెళ్ళి పశువుల డాక్టరుకు చూపించండి. ఈ పరిస్థితిలో ఇంకో నాలుగు జతలు కట్టడమంటే జబ్బును ఇంకో నాలుగు గూళ్ళకు పంచడమే.

రెండో కారణం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పిల్లలు ఉన్నాయి కానీ ఒకే వయసువి కావు. ఈ వారం రెండు జతలు, మూడు వారాలకు ఇంకో రెండు కడితే, ఒక పిల్ల మేడ చుట్టూ తిరిగే రోజుకు ఇంకోదానికి ఈకలే రావు. దీనికి మందు ఒక్కటే. సీజన్‌కు ముందు పోతుల్నీ పెట్టల్నీ విడిగా ఉంచండి. అన్ని జతలనూ ఒకే రోజు కలపండి. ఎనిమిది, పది రోజుల్లో దాదాపు అన్నీ గుడ్లకు వస్తాయి. రెండో గుడ్డు వచ్చాక 17, 18 రోజులకు పిల్లలు, నెల దాటాక తల్లి దగ్గర్నుంచి వేరు చేయడం. ఒకే వారంలో పుట్టిన పిల్లలు ఒకదాన్ని చూసి ఒకటి గుంపు కట్టడం నేర్చుకుంటాయి.

సమస్య: పిల్లలు మేడ ఎక్కేసరికి ఎండలు ముదిరాయి

ఇంగ్లండ్ వాళ్ళ మాట విని ఫిబ్రవరిలో జత కట్టి ఉంటారు. రోలర్లు పుట్టిన బర్మింగ్‌హామ్‌లో ఫిబ్రవరి అంటే చలి తగ్గే కాలం, పిల్లలు ఎగిరేది చల్లటి వేసవిలో. మన దగ్గర ఫిబ్రవరిలో కట్టిన జతల పిల్లలు ఏప్రిల్, మే ఎండల్లో మొదటిసారి రెక్క విప్పుతాయి. నోరు తెరుచుకుని మళ్ళీ గూట్లోకే దూరతాయి.

వానాకాలంలో ఈకలు రాల్చి కొత్తవి వేసుకున్నాక, దసరా ప్రాంతంలో కట్టడం నాకు కుదిరింది. అక్టోబరు 10న కలిపితే మొదటి విడత పిల్లలు డిసెంబరు రెండో వారానికి వేరవుతాయి. రెండో విడత సరిగ్గా సంక్రాంతికి. గాలిపటాలు ఎగిరే ఆ పండగ పది రోజులూ ఒక్కదాన్ని కూడా పైకి ఎగరేయకండి. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, అయినా పండగ అయ్యాక కరెంటు తీగల మీద దారం వేలాడుతూనే ఉంటుంది. కనుమ వెళ్ళి, కంటికి కనిపించిన దారమంతా తీసేశాక రెండు విడతలనూ కలిపి పైకి పంపండి. మూడో విడత పిల్లలు మార్చికి గానీ మేడ ఎక్కవు. అందుకే పై లెక్కలో రెండు విడతలే వేశాను. మూడో విడత జోలికి పోకపోతే పెట్టలు కూడా వచ్చే ఏటికి గట్టిగా ఉంటాయి.

సమస్య: పిల్లలు బోలెడు, కానీ మంచి జతవి మూడే

అన్ని జతలకూ సమానంగా అవకాశం ఇవ్వడం వల్ల వచ్చే తిప్పలివి. 8 గూళ్ళు ఉన్నాయని 8 రకాల జతలు పెట్టనక్కర్లేదు. 5 అసలు జతలు, 3 పెంపుడు జతలు పెట్టి చూడండి. అసలు జతల్లో బాగా నమ్మకమున్న మూడింటి మొదటి గుడ్లను, ఒకటి రెండు రోజుల తేడాతో గుడ్లు పెట్టిన పెంపుడు జతల కిందికి మార్చండి. పెంపుడు జతల సొంత గుడ్లను తీసేయండి. గుడ్లు పోయిన పెట్ట పది రోజుల్లో మళ్ళీ పెడుతుంది, వాటిని అదే పొదిగి పెంచుకుంటుంది. తేడా రెండు రోజులు మించకూడదు. పిల్ల బయటికొచ్చే వేళకు పెంచేవాటి గొంతు సంచిలో పావురం పాలు (పిల్లలకు మొదట పట్టే పాలలాంటి మేత) తయారై ఉండాలి. తొందరపడ్డా, ఆలస్యమైనా పిల్ల ఆకలితో పోతుంది.

రెండేళ్ళొచ్చినా పల్టీ కొట్టని బద్ధకపు పావురాలు మీ దగ్గరా ఉండే ఉంటాయి. పిల్లలను పెంచడానికి వాటికి మించినవి లేవు. మా దగ్గర ఒక బూడిద రంగు పెట్ట ఆకాశంలో ఏనాడూ తిరగలేదు, కానీ పెంపుడు తల్లిగా దానికి వంక పెట్టలేం.

సమస్య: నేల దాకా తిరిగి పడిపోతున్నాయి

ఇది జతల సంఖ్య పెంచితే పోదు. లోతుగా తిరిగే (చాలా దూరం కిందికి పల్టీలు కొట్టే) పోతుకు లోతుగా తిరిగే పెట్టనే కడితే, ఆపుకోలేని పిల్లలు వస్తాయి. ఒకదానికి లోతు ఉంటే రెండోదానికి అదుపు ఉండాలి. పిల్ల చిన్న వయసులోనే తెగ తిరుగుతుంటే రెండు వారాలు గూట్లో ఉంచి, మేత బాగా పెట్టి, మళ్ళీ వదిలి చూడండి. రెక్క బలం చాలక పడేవి కొన్ని దాంతో సర్దుకుంటాయి. ఒక జతవి 6 నుంచి 8 పిల్లలను చూస్తే గానీ ఆ జత మంచిదా కాదా తేల్చకండి. 12 జతల పిల్లలను ఒకేసారి అలా గమనించడం నా వల్ల కాలేదు.

సమస్య: డేగ పిల్లలను ఎత్తుకుపోతోంది, అందుకని ఎక్కువ పుట్టించాలా?

వద్దు. ఎక్కువ పిల్లలు, అదీ గుంపు కట్టని పిల్లలు, డేగకు పిలిచి పెట్టిన విందు. వేళలు మార్చండి, అది అలవాటు పడ్డాక వారం పాటు ఎగరేయడం ఆపండి. ఉచ్చులు, విషం మాత్రం వద్దు. డేగలకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. అమెరికాలో 2007లో ‘ఆపరేషన్ హై రోలర్’ పేరుతో, డేగలను చంపుతున్న రోలర్ పెంపకందార్ల మీద అక్కడి వన్యప్రాణి శాఖ కేసులు పెట్టింది.

సమస్య: కొన్నేళ్ళుగా రెండు మూడు జతలే కడుతున్నాను, గుడ్లు తగ్గాయి, పిల్లలు చిన్నవవుతున్నాయి

అన్నాచెల్లెళ్ళనే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నారు. 12 ఎంత ఎక్కువో 2 అంత తక్కువ. మీ వంశానికి దగ్గరగా ఉండే పెట్టను ఒకదాన్ని బయటి నుంచి తెచ్చి, ఒక్క జతలోనే కలిపి చూడండి. మిగతా జతలను కదపకండి.

ఈ దసరాకు నా 12 గూళ్ళలో నాలుగింటికి తలుపులు మూసేసి, మేకులు కొట్టాను. ఒకదాంట్లో మాత్రం జొన్నల డబ్బా పెట్టుకున్నాను.