బంగాళాఖాతంలో ఏ నది నీరు ఎంత? ఆక్సిజన్ ఐసోటోపులతో లెక్క తేల్చే పద్ధతి

వానాకాలం వెళ్లాక విశాఖ తీరంలో సీటీడీ (లోతు వారీగా లవణీయత, ఉష్ణోగ్రత కొలిచే పరికరం) దింపితే పైపొరలో లవణీయత బాగా తక్కువ కనిపిస్తుంది. అడుగున 35 (కిలో నీటికి సుమారు అన్ని గ్రాముల ఉప్పు) దగ్గర ఉన్నది పైన 28 ఉందంటే మంచినీరు కలిసిందని అర్థమవుతుంది. కానీ ఆ మంచినీరు గోదావరిదా, గంగా బ్రహ్మపుత్రలదా? ఉప్పు లెక్కతో ఇది తేలదు. ఏ నదిలోనైనా ఉప్పు దాదాపు సున్నాయే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తూర్పుతీర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ గంగా బ్రహ్మపుత్రల నీటిని మన తీరం వెంట తీసుకొస్తుంది. ఫిబ్రవరి తర్వాత అదే ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది. అందుకే తీరానికి దగ్గరగా ఏ నది కలుస్తోందో చూసి, ఆ నీరు దానిదేనని అనుకుంటే తప్పు లెక్క వస్తుంది.

నీటి అణువులోని ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఆక్సిజన్-16, కొద్దిగా ఆక్సిజన్-18. ఇలా ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులే ఐసోటోపులు. అంతర్జాతీయ ప్రమాణ జలం వీ-స్మౌలో పది లక్షల ఆక్సిజన్-16 పరమాణువులకు 2005.2 ఆక్సిజన్-18 పరమాణువులు ఉంటాయి. శాంపిల్‌లోని నిష్పత్తి దీనికంటే వెయ్యికి ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకెనే డెల్టా అంటారు. దాని యూనిట్ పర్ మిల్. మేఘం నుంచి బరువైన ఐసోటోపు ముందు రాలిపోతుంది. అందుకే మేఘం లోతట్టుకూ ఎత్తుకూ పోయేకొద్దీ వాన తేలికవుతుంది. హిమాలయాల నుంచి దిగే నదుల డెల్టా బాగా రుణాత్మకం. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి దక్కను మీదుగా వచ్చే గోదావరిది అంత రుణాత్మకం కాదు. ఈ తేడా ఉండబట్టే పద్ధతి నడుస్తుంది. నీరు సముద్రంలో కలిశాక జీవరాశులేవీ ఈ అంకెను మార్చలేవు. పైపొరలో ఆవిరి, వాన, కలయిక మాత్రమే మారుస్తాయి.

నీళ్లు పట్టడం

ఉత్తర బంగాళాఖాతంలో మంచినీటి పొర పలచన. మామూలు లోతుల జాబితాతో వెళితే అసలు పొరే జారిపోతుంది. పై 30 మీటర్లలో 0, 5, 10, 20, 30 మీటర్ల దగ్గర, ఆ కింద 50, 75, 100, 150, 200 దగ్గర పట్టండి. ఓడ కదలికకు పై కొన్ని మీటర్ల నీరు కలగాపులగం అవుతుంది కాబట్టి, ఉపరితల శాంపిల్ నిస్కిన్ సీసాతో (కోరిన లోతులో మూసి నీటిని పట్టే గొట్టపు సీసా) కాకుండా ఓడ ముందు కొస నుంచి శుభ్రమైన బకెట్‌తో తీయడం మేలు. చిన్న పడవ ఉంటే ఇంకా మంచిది.

నిస్కిన్ సీసాను అనుకున్న లోతులో అర నిమిషం నుంచి నిమిషం దాకా తెరిచి ఉంచి, ఆ తర్వాతే మూయాలి. తొందరపడితే పై నీరు లోపలే ఉండిపోతుంది. డెక్ మీదకు వచ్చాక గాలి మర తెరవకుండా కింది కుళాయి తిప్పి చూడండి. నీరు ధారగా వస్తే సీసా కారుతోందని అర్థం. ఆ సంఖ్య రాసుకుని ఆ శాంపిల్‌ను పక్కన పెట్టండి. ఒకే సీసాలోంచి చాలామంది నీరు పట్టుకుంటారు. కరిగిన వాయువులు కొలిచేవారు ముందు, ఐసోటోపు, లవణీయత శాంపిళ్లు చివర. చివర పట్టినా నష్టం లేదు, సీసాలో నీరు మాత్రం మిగలాలి.

శాంపిల్‌కు 15 నుంచి 30 మి.లీ. గాజు సీసా చాలు. మూత లోపల శంకువు ఆకారపు పాలిథీన్ బిరడా ఉన్నదే తీసుకోండి. రబ్బరు పొర, పలచని ప్లాస్టిక్ సీసాలు నెలల తరబడి నిల్వకు పనికిరావు. కడిగి పూర్తిగా ఆరబెట్టిన సీసాను అదే శాంపిల్ నీటితో మూడుసార్లు తొలిచి, అంచుదాకా నింపి, తలకిందులు చేసి చూడండి. బుడగ కనిపిస్తే మళ్లీ నింపండి. మూత చుట్టూ పారాఫిన్ టేపు చుట్టి, చీకట్లో చల్లగా ఉంచండి. గడ్డకట్టనివ్వొద్దు, గాజు పగులుతుంది. నీటి ఆక్సిజన్ ఐసోటోపుకు మెర్క్యూరిక్ క్లోరైడ్ అక్కర్లేదు. అది కరిగిన కార్బన్ శాంపిళ్లకు వాడే విషం. పని లేని చోట దాన్ని ముట్టుకోకండి. డెక్ కడిగే మంచినీటి గొట్టం, ఏసీ నుంచి కారే చుక్కలు శాంపిళ్ల దరిదాపుల్లో ఉండకూడదు.

సీసా బిగుతు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 25 డిగ్రీల దగ్గర నీరు, ఆవిరి మధ్య ఆక్సిజన్-18 తేడా సమతుల్యంలోనే 9.3 పర్ మిల్ ఉంటుంది. ఆవిరి బయటికి పోయేటప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. 30 మి.లీ. సీసాలోంచి 0.3 మి.లీ. పోతే, అంటే నూటికి ఒక వంతు పోతే, డెల్టా కనీసం 0.09 పెరుగుతుంది. మంచి ల్యాబ్ పట్టే తేడా 0.05. కంటికి కనిపించని లీకు, మీ యంత్రం మొత్తం నైపుణ్యం కంటే పెద్ద తప్పన్నమాట.

లవణీయత కోసం విడిగా 200 మి.లీ. సీసా పట్టి, ఐఏపీఎస్ఓ ప్రమాణ సముద్రజలంతో సరిచూసిన సాలినోమీటరుపై కొలవండి. సీటీడీ సెన్సరు రీడింగును దీనితో దిద్దుకోవాలి. 0.01 ఖచ్చితత్వం ఈ పనికి ధారాళంగా సరిపోతుంది.

నది వైపు అంకెలు

ఎక్కువ మంది తక్కువ శ్రద్ధ పెట్టేది ఇక్కడే, లెక్క ఎక్కువగా చెడేదీ ఇక్కడే. గోదావరి శాంపిల్ ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన పట్టాలి. యానాం దగ్గర పడితే పోటుకు సముద్రపు నీరు ఎగదన్ని ఉంటుంది. గట్టు పక్క కాకుండా ప్రవాహం మధ్యలో, ఉపరితలానికి ఓ అడుగు కింద పట్టండి. మామూలు రోజుల్లో నెలకోసారి సరిపోతుంది. ఎర్రనీరు దిగిందగ్గర నుంచి వారానికోసారైనా కావాలి. వేసవిలో జలాశయాల్లో నిలిచి ఆవిరైన నీటికీ, వరద నీటికీ డెల్టాలో బాగా తేడా ఉంటుంది. అందుకని నెలవారీ అంకెల మామూలు సగటు వాడకూడదు. ప్రతి అంకెను ఆ రోజుల్లో సముద్రానికి వదిలిన నీటి పరిమాణంతో గుణించి, మొత్తం కలిపి, మొత్తం నీటితో భాగించండి. ఎగువన కొలిచిన ప్రవాహం కాదు, కాలువలకు పోగా ఆనకట్ట గేట్ల నుంచి దిగువకు వదిలిన నీటి లెక్కే ఇక్కడ కావాలి.

గంగా బ్రహ్మపుత్రల అంకెను బంగ్లాదేశ్‌లోని దిగువ మేఘనా నీటి నుంచి తీసుకోవాలి. అది అందకపోతే ఉత్తర బంగాళాఖాతపు తక్కువ లవణీయత శాంపిళ్లను లవణీయతకు ఎదురుగా డెల్టా గీసిన గ్రాఫు మీద పెట్టి, గీతను లవణీయత సున్నా దాకా పొడిగించే దారి ఉంది. కానీ జాగ్రత్త. శాంపిళ్లన్నీ 31 చుట్టూ ఉంటే, గీత వాలులో 0.01 తప్పు సున్నా దగ్గర 0.31 పర్ మిల్ తప్పవుతుంది.

సముద్రం వైపు అంకె కోసం పుస్తకంలోని సగటు కాకుండా, అదే కాస్ట్‌లో, అంటే సీటీడీ దింపిన అదే విడతలో, లవణీయత ఒక్కసారిగా పెరిగే పొరకు కింద, 100 నుంచి 150 మీటర్ల నీటిని తీసుకోండి. దక్షిణ బంగాళాఖాతంలో అరేబియా సముద్రపు ఉప్పటి నీరు కూడా చొరబడుతుంది. అక్కడ లవణీయత 35 దాటిన పొర కనిపిస్తే దాన్ని వేరే నీరుగానే చూడాలి.

కొలత

పాత పద్ధతి కార్బన్ డయాక్సైడ్ సమతుల్యం. ఇప్పటికీ సముద్రపు నీటికి నమ్మదగినది ఇదే. 12 మి.లీ. బిగుతు మూత గొట్టాల్లో హీలియంలో 0.3 నుంచి 0.5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న వాయువు నింపి, సూదితో 0.5 మి.లీ. నీరు ఎక్కించి, 25 డిగ్రీల దగ్గర సుమారు ఒక రోజు వదిలేయాలి. నీటిలోని ఆక్సిజన్, వాయువులోని ఆక్సిజన్ ఒకదానితో ఒకటి చోటు మార్చుకుంటాయి. ఆ వాయువును మాస్ స్పెక్ట్రోమీటరు చదువుతుంది. ఇందులో ప్రాణం ఉష్ణోగ్రతే. ఒక్క డిగ్రీ తేడాకు అంకె సుమారు 0.2 కదులుతుంది. ట్రే అంచు గొట్టాలు చల్లగా, నడుమ గొట్టాలు వెచ్చగా ఉంటే అది డేటాలో ఒక తీరుగా కనిపిస్తుంది. ప్రమాణాలను ఒకే మూల పెట్టకుండా ట్రే అంతటా చెదరగొట్టడం అందుకే.

లేజర్ పరికరంలో పని త్వరగా అవుతుంది, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) అంకె కూడా అదే పరుగులో వస్తుంది. తలనొప్పి ఉప్పుతో. ఒక ఇంజెక్షన్ 2 మైక్రోలీటర్లు అనుకుంటే, 35 లవణీయత నీటిలో సుమారు 0.07 మి.గ్రా. ఉప్పు ఆవిరి గదిలో మిగులుతుంది. శాంపిల్‌కు 8 ఇంజెక్షన్లు, 40 శాంపిళ్లు అంటే 22 మి.గ్రా. దాటుతుంది. ఆ తెల్లటి పెచ్చు తేమను పట్టుకుని, ముందటి శాంపిల్ నీటిని తర్వాతి దానికి అంటిస్తుంది. లోపలి ఉప్పు జల్లెడను తరచూ మార్చండి. మొదటి మూడు నాలుగు ఇంజెక్షన్లను లెక్కలోకి తీసుకోకండి. నది నీటిని, సముద్రపు నీటిని పక్కపక్కన పరిగెత్తించకండి.

ఏ యంత్రమైనా రెండు ల్యాబ్ ప్రమాణ జలాలు ఉండాలి. ఒకటి సముద్రపు నీటికి దగ్గరగా, మరొకటి −10 చుట్టూ. వీటిని వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇచ్చే వీ-స్మౌ 2, స్లాప్ 2 జలాలతో సరిచూసి పెట్టుకోవాలి. ప్రతి ఐదారు శాంపిళ్లకు ఒక ప్రమాణం, ప్రతి పదింటికి ఒక శాంపిల్ రెండోసారి.

డ్యుటీరియం అంకె ఉంటే వృథా పోనివ్వకండి. డ్యుటీరియం డెల్టా నుంచి ఆక్సిజన్ డెల్టాకు 8 రెట్లు తీసేస్తే వచ్చే అంకె, పక్క లోతుల శాంపిళ్లతో పోలిస్తే ఒక్క సీసాలో మాత్రం దిగిపోయిందంటే ఆ సీసా ఆవిరైందని గట్టి అనుమానం.

లెక్క

మూడు తెలియని భాగాలు: సముద్రం (స), గోదావరి (గో), గంగా బ్రహ్మపుత్ర (గం). మూడు సమీకరణాలు ఇవి:

స + గో + గం = 1
స × సముద్ర లవణీయత = శాంపిల్ లవణీయత
స × సముద్ర డెల్టా + గో × గోదావరి డెల్టా + గం × గంగా డెల్టా = శాంపిల్ డెల్టా

లెక్క చూపడానికి అనుకున్న అంకెలు తీసుకుందాం. సముద్రం 35.0 లవణీయత, +0.40 డెల్టా. గోదావరి −3.0. గంగా బ్రహ్మపుత్ర −8.0. శాంపిల్ లవణీయత 28.0, డెల్టా −0.98. స = 28 ÷ 35 = 0.80. మంచినీరు 0.20. సముద్రపు వంతు డెల్టా 0.32 తీసేస్తే మిగిలింది −1.30. మంచినీరంతా గోదావరిదే అయితే −0.60 రావాలి. లోటు −0.70. గోదావరికీ గంగకూ తేడా −5 కాబట్టి గం = 0.14, గో = 0.06. అంటే మంచినీటిలో నూటికి 70 పాళ్లు ఉత్తరాది నదులది.

ఇప్పుడు శాంపిల్ డెల్టాలో 0.05 తప్పు పెట్టి చూడండి. గం 0.01 మాత్రమే కదులుతుంది. అదే గంగా అంకెను −8 బదులు −7 అనుకోండి. గం 0.175కు ఎగబాకి, గో 0.025కు పడిపోతుంది. గోదావరి వాటా సగానికి పైగా మాయం. కాబట్టి ఒకే జవాబు ప్రకటించకండి. నది అంకెలను వాటి నిజమైన హెచ్చుతగ్గుల మధ్య కొన్ని వందలసార్లు మార్చి లెక్కగట్టి, జవాబు ఎంత మేర పరుచుకుంటుందో ఇవ్వండి. ఏదైనా భాగం −0.01 వస్తే దాన్ని సున్నా చేయకండి, అలాగే రాయండి. అది −0.05 వచ్చిందంటే మాత్రం మీరు అనుకోని నాలుగో నీరు ఏదో అక్కడ ఉంది.

చాలాసార్లు ఆ నాలుగోది సముద్రం మీద నేరుగా కురిసిన వాన. దాని డెల్టా గోదావరి అంకెతో కలిసిపోగలదు. అప్పుడు ఈ మూడు సమీకరణాలు ఆ రెంటినీ విడదీయలేవు. క్షారత, అంటే ఆల్కలినిటీ, కూడా కొలిచి ఉంటే దారి దొరుకుతుంది. రాళ్లనూ మట్టినీ ఒరుసుకుని వచ్చిన నది నీటిలో అది పుష్కలం, వానలో దాదాపు ఉండదు. దాన్ని నాలుగో సమీకరణంగా చేర్చండి. శాంపిల్ పట్టే రోజే ఇంకో 250 మి.లీ. సీసా నింపి పెట్టుకుంటే సరిపోయే పని ఇది. ఓడ తిరిగొచ్చాక గుర్తొస్తే మాత్రం చేయగలిగింది లేదు.

ఆ నీరు నది వదిలి ఎన్నాళ్లయిందన్నది వేరే ప్రశ్న. దానికి రేడియం ఐసోటోపులు కావాలి: 3.66 రోజుల అర్ధాయువున్న రేడియం-224, 11.4 రోజుల రేడియం-223. వంద లీటర్లకు పైగా నీటిని మాంగనీసు డయాక్సైడ్ పూసిన యాక్రిలిక్ పీచు గుండా నిమిషానికి లీటరుకు మించకుండా పంపాలి. పీచును మంచినీటితో కడిగి, నీరు పిండి, తేమ కాస్త మిగిలేలా ఆరబెట్టి, రెండు మూడు రోజుల్లోపే లెక్కించాలి. ఆలస్యమైతే రేడియం-224 క్షీణించిపోతుంది. పీచు మరీ తడిగా ఉన్నా, మరీ ఎండినా, రేడియం నుంచి పుట్టే రాడాన్ వాయువు దానిలోంచి సరిగా బయటపడక లెక్క తక్కువ వస్తుంది.