స్పేసర్ వేశాక స్టీరింగ్ వణుకుతోందా? నట్టు చుట్లు లెక్కపెట్టండి

మా బావమరిది తన ఐ20కి బయటి అల్లాయ్‌లు వేయించుకున్నాడు. చక్రాలు లోపలికి నక్కినట్టున్నాయని నాలుగింటికీ 5 మి.మీ. స్పేసర్లు కూడా పెట్టించాడు. స్పేసరంటే చక్రానికీ, దాన్ని బిగించే హబ్‌కీ మధ్య పెట్టే లోహపు బిళ్ల. "కుచ్ నై హోతా భాయ్" అని షాపతను అభయమిచ్చాడు. ఊళ్లో తిరిగినన్నాళ్లూ నిజంగానే ఏం కాలేదు. గచ్చిబౌలిలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 90 దాటించిన రోజే స్టీరింగ్ వణకడం మొదలైంది. "బావా, మూడు చోట్ల బ్యాలెన్సింగ్ చేయించిన. మెషీన్ మీద సున్నానే చూపిస్తున్నది" అంటూ బండి తెచ్చి మా గేటు ముందు పెట్టాడు.

స్పేసర్లు క్షేమమేనా అంటే ఒక్క ముక్కలో చెప్పలేను. పోర్షే తన కొన్ని కార్లకు ఫ్యాక్టరీ నుంచే ఇచ్చింది. కాబట్టి తప్పు బిళ్లది కాదు, అది కూర్చున్న తీరుది. ఆ తీరు ఎలా ఉందో బండే చెబుతుంది.

సమస్య: వేగం పెరిగితే వణుకు, బ్యాలెన్సింగ్ చేసినా పోదు

హబ్ మధ్యలో గుండ్రంగా పైకి లేచిన అంచు ఉంటుంది. కంపెనీ చక్రం మధ్య రంధ్రం దాని మీద బిగుతుగా కూర్చుంటుంది. చక్రాన్ని నట్టనడుమ నిలిపేది ఆ అంచే. ఐ20కి దాని వ్యాసం 54.1 మి.మీ. బయటి అల్లాయ్‌లేమో రకరకాల కార్లకు పట్టాలని చాలావరకు 73.1 రంధ్రంతో వస్తాయి. ఆ 19 మి.మీ. తేడాను పూడ్చడానికి హబ్ రింగు వేస్తారు. అంచు ఎత్తు ఉండేదే కొన్ని మిల్లీమీటర్లు. అందులో 5 స్పేసర్ మింగేస్తే రింగుకు పట్టు దొరకదు. బావమరిది బండికి ముందు ఎడమ చక్రం విప్పితే ప్లాస్టిక్ రింగు సగానికి విరిగి, ఒక ముక్క స్పేసర్‌కీ చక్రానికీ మధ్య బిస్కెట్‌లా నలిగి ఉంది.

మరి మెషీన్ ఎందుకు పట్టుకోలేదు? అది చక్రాన్ని మధ్య రంధ్రం ఆధారంగా కోన్‌తో పట్టుకుంటుంది. అక్కడ అంతా నడిమధ్యనే ఉంటుంది. బండికి ఎక్కాకే చక్రం పక్కకు జరుగుతుంది. ఇంకో పది చోట్ల బ్యాలెన్సింగ్ చేయించినా డబ్బు దండగ.

పరిష్కారం: తనకంటూ సొంత అంచు ఉన్న స్పేసర్ తీసుకోవాలి. లోపలి కొలత హబ్‌కి, బయటి అంచు చక్రానికి లేదా రింగుకి సరిపోవాలి. మరీ పల్చటి బిళ్లల్లో ఆ అంచు తీయడానికి చోటుండదు. అందుకే 3, 5 మి.మీ. బిళ్లల మీద నాకు నమ్మకం తక్కువ. విడిభాగాలకు సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే వెర్నియర్ కాలిపర్ జేబులో వేసుకెళ్లండి, "అన్నిటికీ పడుతుంది" అన్న మాట మీద కొనకండి. బిగించే ముందు హబ్ ముఖం మీది తుప్పు వైర్ బ్రష్‌తో గీకేయాలి. చిన్న తుప్పు పెళ్ల అడ్డుపడినా చక్రం వంకరగా కూర్చుంటుంది.

సమస్య: నట్లు వదులవుతున్నాయి, తిప్పినప్పుడు టక్‌టక్ మంటోంది

ఇది వణుకులాంటిది కాదు. బండి అక్కడే ఆపండి, చక్రం ఊడేది ఇలాగే.

బండి బరువును నట్లు మోస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నట్లు చక్రాన్ని హబ్‌కి గట్టిగా అదిమి పట్టుకుంటాయి, ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే బరువు మోస్తుంది. పట్టు సడలితే స్టడ్లు (నట్టు ఎక్కడానికి హబ్ నుంచి బయటికి ఉండే మర కడ్డీలు) అటూ ఇటూ వంగి అలిసిపోయి విరుగుతాయి.

మొదట మర సరిపోయిందా చూడండి. నట్టు పానాతో కాదు, చేత్తో ఎక్కిస్తూ చుట్లు లెక్కపెట్టండి. స్టడ్ ఎంత లావో కనీసం అంత పొడవు మర పట్టాలి. ఐ20 స్టడ్ 12 మి.మీ., మర అడుగు (ఒక్క చుట్టుకు నట్టు ముందుకెళ్లే దూరం) 1.5, అంటే 8 చుట్లు. మారుతి కార్లలో అడుగు 1.25 కాబట్టి పది దాకా రావాలి. 5 మి.మీ. బిళ్ల ఐ20లో మూడు చుట్లకు పైగా తినేస్తుంది. మా వాడి బండిలో ఐదు చుట్లకే నట్టు ఆగిపోయింది. ఆ ఐదింటి మీదే ఔటర్ మీద 110 కొట్టాడు! పొడవాటి స్టడ్లు వేయించాలి, లేదా స్పేసర్ తీసేయాలి. మూడో దారి లేదు.

తర్వాత నట్టు కూర్చునే చోటు. కోన్ ఆకారపు నట్టును బంతిలా గుండ్రంగా ఉన్న గుంతలో బిగిస్తే సన్నటి గీత మీదే ఆనుతుంది, ఎంత బిగించినా వదులవుతుంది. ఇక బిగింపు. షాపుల్లో గన్‌తో టర్రుమని కొట్టి వదిలేస్తారు. టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా), కారు పుస్తకంలో ఉన్న లెక్కకు, ఎదురెదురు నట్లుగా బిగించాలి. మరకు గ్రీజు పూయొద్దు. ఓ 80–100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. ఒకదాని మీద ఒకటి రెండు స్పేసర్లు పెట్టిన బండి కనిపిస్తే నేనైతే ఎక్కను.

సమస్య: మలుపుల్లో, గుంతల్లో టైరు గీసుకుంటోంది

చక్రం వెడల్పు నడిమి గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా ఉన్న దూరమే ఆఫ్‌సెట్. అది 45 మి.మీ. ఉండి 20 మి.మీ. స్పేసర్ వేస్తే లెక్కకు 25 అయినట్టే. టైరు అంత బయటికొచ్చి ఫెండర్‌కు తగులుతుంది. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి స్పీడ్‌బ్రేకర్ దాటించి చూడండి. పల్చటి స్పేసర్‌కు మారడమే మందు. స్టీరింగ్ గుంతల్లో గుంజుతుంటే అదీ దీని ప్రభావమే. ఊఁ అని కూత పెడితే బేరింగ్ సంగతి చూడాలి, బరువు బయటికి జరిగినకొద్దీ దాని మీద భారం పెరుగుతుంది.

సమస్య: అడాప్టర్ మీద చక్రం తిన్నగా ఆనడం లేదు

నాలుగు నట్ల కారుకి ఐదు నట్ల చక్రం ఎక్కించే దిమ్మె ఇది. ముందు హబ్‌కి బిగించి, దాని సొంత స్టడ్లకు చక్రం బిగిస్తారు. పల్చగా ఉంటే కారు పాత స్టడ్ల కొనలు పైకి పొడుచుకొస్తాయి. చక్రం వెనక వాటికి గుంతలు లేకపోతే అది ఆ కొనల మీదే ఆనుతుంది. 20 మి.మీ. కంటే మందం, ఫోర్జ్ చేసిన (ఒత్తి మలిచిన) అల్యూమినియం, 10.9 బలం గ్రేడ్ స్టడ్లు ఉండాలి. పోత పోసినవి పగుళ్లిస్తాయి. రోజూ పిల్లల్ని బడికి దింపే బండికి నేను వీటిని వేయను, సరైన చక్రం కొనుక్కోవడమే చవక.

ఇంకో చిక్కు స్టెప్నీ. రాత్రి శంషాబాద్ దగ్గర పంక్చరైతే డిక్కీలోని నాలుగు నట్ల స్టెప్నీ ఐదు నట్ల అడాప్టర్‌కు ఎక్కదు. చక్రం విప్పి, అడాప్టర్ విప్పి, అప్పుడు వేయాలి. స్టడ్, నట్టు బదులు బోల్టులతో చక్రం బిగించే పోలో లాంటి కార్లలో స్పేసర్ కోసం కొన్న పొడవాటి బోల్టులనే స్టెప్నీకి వాడితే అవి లోపలికి దూసుకెళ్లి బ్రేకు భాగాలకు తగలొచ్చు. కంపెనీ నట్లో బోల్టులో ఒక సెట్టు, జాకీ పక్కనే గుడ్డలో చుట్టి పెట్టుకోండి.