హల్లా టోమస్‌డోట్టిర్ గురించి రాయాలంటే 2008 నుంచి మొదలెట్టండి

ఐస్‌లాండ్ ప్రెసిడెంట్ హల్లా టోమస్‌డోట్టిర్ మీద వ్యాసం రాసేవాళ్ళు చాలామంది 1968 అక్టోబర్ 11న రేక్యావిక్‌లో పుట్టారు అని మొదలెడతారు, తర్వాత చదువు, ఉద్యోగాలు, ఎలక్షన్, అంతే అయిపోయింది. అలా రాస్తే బిజినెస్ నుంచి వచ్చిన మనిషికి జనం ఓటెందుకేశారో చదివేవాళ్ళకి అస్సలు అర్థం కాదు. నా మాట వినండి, 2008 అక్టోబర్ నుంచి మొదలెట్టండి.

ఆ నెలలో గ్లిట్‌నిర్, లాండ్స్‌బంకి, కౌప్‌థింగ్ అనే మూడు పెద్ద బ్యాంకులూ వారం తిరక్కుండానే కూలిపోయాయి. దేశ జనాభా చూస్తే మూడు లక్షల చిల్లర, బ్యాంకుల ఆస్తుల లెక్క చూస్తే దేశం ఏడాది ఆదాయానికి దాదాపు పది రెట్లు, ఇంక ప్రభుత్వం మాత్రం ఎలా ఆదుకుంటుంది చెప్పండి. అక్కడి కరెన్సీ క్రోనా విలువ పడిపోయింది, ఫారిన్ కరెన్సీతో ముడిపడ్డ లోన్లు తీసుకున్నవాళ్ళ బాకీ ఒక్కసారిగా పెరిగిపోయింది, 2009 జనవరిలో జనం గిన్నెలూ గరిటెలూ పట్టుకొచ్చి పార్లమెంట్ ముందు మోగించారు, ప్రైమ్ మినిస్టర్ గేర్ హార్డే ప్రభుత్వం దిగిపోయింది. ఈ పేరా బాగా రాయండి, మిగతా కథంతా దీనిమీదే నిలబడుతుంది.

ఇప్పుడు ఒక్క ఏడాది వెనక్కి వెళ్ళండి. 2007లో హల్లా, క్రిస్టిన్ పేటుర్స్‌డోట్టిర్ అనే ఇంకో ఆవిడతో కలిసి ఔదుర్ కాపిటల్ అనే ఫైనాన్స్ కంపెనీ పెట్టారు. ఔదుర్ అంటే సంపద, అది ఆడవాళ్ళ పేరు కూడా. అర్థం కాని రిస్క్ తీసుకోకూడదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఇవీ వాళ్ళు పెట్టుకున్న సూత్రాల్లో కొన్ని. బ్యాంకులు పడిపోయినా ఆ కంపెనీ నిలబడింది. బిజినెస్ అనుభవం రాజకీయాల్లో ఆవిడకి బలం అయ్యిందంటే కారణం నాకు తెలిసి ఇదే, అందుకే ఇక్కడ తొందరపడకండి.

అంతకుముందు జీవితం క్లుప్తంగా చాలు: నాన్న ప్లంబర్, అమెరికాలో చదువు, మార్స్, పెప్సీ కంపెనీల్లో ఉద్యోగం, తిరిగొచ్చాక రేక్యావిక్ యూనివర్సిటీ మొదలైన రోజుల్లో అక్కడ పని. 2006లో ఐస్‌లాండ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్‌కి హెడ్ అయ్యారు. ఇది మాత్రం దాచకండి ప్లీజ్. దేశం ఫైనాన్స్ వ్యవస్థకి పెద్ద ప్రమాదం లేదన్నట్టు అమెరికన్ ఎకనమిస్ట్ ఫ్రెడరిక్ మిష్కిన్ ఒక రిపోర్ట్ రాశారు, రాయించింది అదే ఛాంబర్, అదీ 2006లోనే. రిపోర్ట్ ఆవిడ రాసింది కాదు, ఆ మాటా రాయండి, కానీ రెండూ పక్కపక్కన పెడితేనే పాఠకుడు తనంతట తాను ఆలోచించుకుంటాడు. అభిమానం ఉన్నచోటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

తర్వాత 2009 నవంబర్‌లో జరిగిన జాతీయ సభ. వెయ్యిమందికి పైగా జనం, ఎక్కువమందిని లాటరీ తీసినట్టు ఎంపిక చేసి, ఒకచోట కూర్చోబెట్టి ఈ దేశానికి ఏ విలువలు కావాలి అని అడిగారు, నిజాయితీ అన్న మాటే ముందొచ్చింది. ఈ సభ జరగడానికి పూనుకున్నవాళ్ళలో హల్లా ఒకరు. బిజినెస్ నుంచి ప్రజాజీవితంలోకి దాటిన మలుపు ఇదే అని నేనంటాను.

ఎలక్షన్ల దగ్గర అంకెలు సరిచూసుకోండి. 2016 ప్రెసిడెంట్ ఎలక్షన్లో గెలిచిన గుడ్ని యోహానెసన్‌కి 39.1 శాతం, హల్లాకి 27.9, రెండో స్థానం. 2024 జూన్ 1న 12 మంది పోటీలో 34 శాతం చిల్లరతో గెలిచారు, ప్రైమ్ మినిస్టర్ పదవి వదిలి వచ్చిన కాట్రిన్ యాకబ్స్‌డోట్టిర్‌కి 25 చిల్లర వచ్చింది. మెజారిటీతో గెలిచారని రాయొద్దు, అక్కడ రెండో రౌండ్ ఉండదు, ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్ళే. పాలకపార్టీని ఓడించారనీ రాయొద్దు, ప్రెసిడెంట్‌గా నిలబడేవాళ్ళు పార్టీ టికెట్ మీద పోటీ చెయ్యరు.

పేరు విషయంలో చాలామంది తప్పు చేస్తారు. టోమస్‌డోట్టిర్ అంటే టోమస్ కూతురు అని, ఇంటిపేరు కాదు, కాబట్టి వ్యాసమంతా హల్లా అనే రాయండి, అక్కడ అందరినీ అలాగే మొదటి పేరుతోనే పిలుస్తారు, అమర్యాద ఏమీ కాదు. ఇంకోటి, అదే ఎలక్షన్లో హల్లా హ్రుండ్ లోగాడోట్టిర్ అని మరొకావిడ ఉన్నారు, మూడో స్థానం, ఆవిడ ఫోటో తెచ్చి ఇక్కడ పెట్టకండి.

ప్రెసిడెంట్‌కి ఏం అధికారం ఉందో కూడా రెండు లైన్లు పడాలి. రోజువారీ పాలన ప్రైమ్ మినిస్టర్‌దే, కానీ రాజ్యాంగం 26వ ఆర్టికల్ ప్రకారం బిల్లు మీద సంతకం పెట్టనంటే అది జనం ఓటుకి వెళ్తుంది. కూలిపోయిన లాండ్స్‌బంకి తాలూకు ఐస్‌సేవ్ అనే ఖాతాల్లో బ్రిటన్, నెదర్లాండ్స్ జనం దాచుకున్న డబ్బు బాకీల విషయంలో అప్పటి ప్రెసిడెంట్ ఓలాఫుర్ రాగ్నార్ గ్రిమ్సన్ 2010లో, 2011లో ఇదే చేశారు, రెండుసార్లూ జనం వద్దన్నారు. హల్లా 2024 ఆగస్ట్ 1న కూర్చున్నది ఆ కుర్చీలోనే, విగ్డిస్ ఫిన్‌బోగాడోట్టిర్ తర్వాత రెండో మహిళగా. పదవీకాలం నాలుగేళ్ళు, అందుకని వ్యాసానికి తేదీ వేసి పెట్టుకోండి, 2028లో మళ్ళీ తెరిచి మార్చాల్సి రావచ్చు.